అరవై నిమిషాల మిల్లు

సలీం మీట నొక్కగానే, ఏనాడో మూతపడ్డ పత్తి మిల్లు, గింజ తీసే పన్నెండు జిన్నులతో సహా లేచొచ్చి యలమందయ్య తలలో కూర్చుంది. పర్చూరు శివారు మిరప కల్లంలో, తాటాకు పందిరి కింద గోనెసంచుల దొంతి మీద కూర్చున్న పెద్దమనిషి ఉలిక్కిపడి, రెండు చేతులతో హెడ్‌ఫోన్లు అదిమి పట్టుకున్నాడు. ఎదురుగా ఫిబ్రవరి ఎండలో కాయ ఎర్రగా ఆరుతోంది. కోటేశ్వరి ముఠా తాలుకాయ ఏరుతూ నోళ్ళు కదుపుతోంది, ఆ నోళ్ళలోంచి ఇప్పుడు మాటలకు బదులు మిల్లు వస్తోంది. కల్లం కాపలా కుక్క ఆవులిస్తే అందులోంచీ మిల్లే వస్తోంది. సలీం పెదాలు కదిలాయి, బాగుందా బాబాయ్ అని కాబోలు. యలమందయ్య కళ్ళు మూసుకున్నాడు.

ఈ సలీం గౌస్ బాషా కొడుకు. గౌస్, యలమందయ్య ఒకే మిల్లులో ఇరవై ఏళ్ళు పనిచేశారు, గౌస్‌ది గ్రీజు డబ్బా, యలమందయ్యది ఫిట్టరు పానాల సంచి. కొడుకు మాత్రం చీరాలలో పగలంతా సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు, తీరిక దొరికితే పాటల్లేని క్యాసెట్లు తయారుచేస్తాడు. పాట ఉండదు, తాళం ఉండదు, మెషీన్లు మొత్తుకుంటూ ఉంటాయి. 'రొద' అని పేరు పెట్టి ఒక్కోటీ యాభై కాపీలు తీసి, అట్టలు తనే అంటించి, పోస్టులో పంపుతాడు. ఎవర్రా వినేది అంటే, జపాన్లో ఉన్నారు, పోలండ్‌లో ఉన్నారు, బెంగుళూరులో ఒకే సందులో నలుగురున్నారు అంటాడు. పుర్రెకో బుద్ధి అని హనుమాయమ్మ బుగ్గలు నొక్కుకుంది గానీ, ఆవిడ మొగుడు యలమందయ్యకు ఆ పిచ్చి ఇట్టే అర్థమైంది. ముప్పయ్యేళ్ళు తను చేసిందీ అదేగా, రొద వినడం. సలీం పోయిన నెల తెచ్చిన మూడింటినీ ఫిట్టరు చెవితో విని తీర్పు చెప్పాడు. వేటపాలెం జీడిపిక్కల షెడ్డుది చిల్లర వ్యవహారం, టకటకలే తప్ప లోతు లేదు, ఒకసారి వింటే చాలు. వాడరేవు పడవలది ఫరవాలేదు, కానీ రెండో పడవకు నాజిల్ పోయింది, ముందు ఆ పడవాయనకు చెప్పు. గుంటూరు కోల్డ్ స్టోరేజీది మాత్రం వినాల్సిందే, కంప్రెసరు ఆగి మళ్ళీ అందుకునే చోట ఒక గుక్క ఉంది చూడు, అక్కడ నా ప్రాణం లేచొచ్చింది అన్నాడు. ఆ మాటల్ని సలీం ఉన్నవి ఉన్నట్టు నెట్లో పెడితే, పోలండాయన ఈ విమర్శకుడెవరు అని అడిగాడట.

ఇప్పుడు తలలో తిరుగుతున్నది నాలుగో క్యాసెట్టు. ఇది గౌస్ బాషా స్వయంగా రికార్డు చేసింది, పోయినేడు ఆయన కన్నుమూశాక ట్రంకుపెట్టె అడుగున దొరికింది. దాని పుట్టుకే చిత్రం. ఇరవై రెండేళ్ళ కిందట గౌస్ కాపురం మిల్లు గోడకు ఆనుకున్న రేకుల ఇంట్లో ఉండేది. సలీం రెండేళ్ళ వాడు. పుట్టిన దగ్గర్నుంచి మిల్లు మోత మధ్య పెరిగినవాడు కనక మోత ఆగితే నిద్రపోడు. కరెంటు పోయి జిన్నులు ఆగాయంటే గుక్కపట్టి ఏడుపు. జోలపాటలయ్యాయి, తాయెత్తులయ్యాయి, చివరికి గౌస్ టేపురికార్డరు మెళ్ళో తగిలించుకుని షెడ్డంతా తిరిగి, మిల్లునే పట్టుకెళ్ళి కొడుకు పక్కన పెట్టాడు. పాలకేడ్చే పిల్లల్ని చూశాంగానీ బేరింగులకేడ్చేవాణ్ణి చూళ్ళేదురా అని యలమందయ్య పడీపడీ నవ్వాడు. ఆ పిల్లాడే ఇప్పుడు నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. ఏ చోట ఏ మెషీను మోగుతోందో యలమందయ్య చెప్పాలి, వాడు రాసుకుని అట్ట మీద అచ్చు వేస్తాడు. నాన్న క్యాసెట్టులో ఏముందో మీకు తప్ప ఇంకెవరికి తెలుస్తుంది బాబాయ్ అన్నాడు.

అదే వచ్చింది చిక్కు. క్యాసెట్టు మీద పెన్నుతో రాసిన తారీఖు ఉంది, ఫిబ్రవరి పదకొండు, మంగళవారం. గౌస్ కుడిచేతి రాత. ఆ కుడిచెయ్యి రాసిన ఆఖరు రాత అదేనని సలీంకు తెలియదు. నాన్న చెయ్యి పోయిందని తెలుసు గానీ తారీఖు వాళ్ళింట్లో ఎవరూ గుర్తుపెట్టుకోలేదు, యలమందయ్య పెట్టుకున్నాడు. ఆ పొద్దున గౌస్ గ్రీజు డబ్బాతో వచ్చి, "ఒరేయ్ యలమందా, నాలుగో నంబరు దగ్గర కీచురాయి దూరిందిరా. గ్రీజు పెట్టినా కూస్తానే ఉంది. ఒక్కసారి చెవి పెట్టు," అన్నాడు. యలమందయ్య చెవి పెట్టడమంటే మాటలా! స్క్రూడ్రైవరు మొన బేరింగు మీద ఆనించి, పిడి చెవి వెనక ఎముకకు నొక్కి కళ్ళు మూసుకుంటే, లోపల ఏ గుండు గీరుకుపోయిందో చెప్పేవాడు. చిలకలూరిపేట మిల్లులవాళ్ళు సైతం కారు పంపి పిలిపించుకున్న చెవి. పాముచెవులు అనేవాళ్ళు. ఆ రోజూ చాలాసేపే విన్నాడు. మెత్తగా, వెన్నపూస లాగా తిరుగుతోంది. "కీచురాయి దూరింది నీ చెవిలోరా. పోయి టీ తాగు ఫో," అన్నాడు. గౌస్ నవ్వి వెళ్ళాడు. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆ బేరింగే పట్టేసింది, బెల్టు తెగి ఎగిరింది, గౌస్ కుడిచెయ్యి మోచేతి దాకా పోయింది. విచారణకు వచ్చిన ఆఫీసరు అడిగితే యలమందయ్య తనకు తెలిసిందే చెప్పాడు, పొద్దున విన్నానండి, బాగుంది. బాగున్న బేరింగు పూట తిరక్కుండా పట్టేసిందంటే గ్రీజు పెట్టనట్టేగా అని తేల్చారు. ఆసుపత్రి మంచం మీద గౌస్ కూడా తల వంచేశాడు. "యలమందయ్య బాగుందన్నాడంటే బాగున్నట్టేనండి. నేనే సరిగా పెట్టి ఉండను," అన్నాడు. దాంతో పరిహారం లేదు, పనీ లేదు. మా నాన్న మతిమరుపే మా కొంప ముంచింది అనే మాట మీదే సలీం పెరిగాడు. యలమందయ్య కూడా అదే నమ్మాడు, నమ్మి జాలిపడ్డాడు, జాలిపడి ఇరవై రెండేళ్ళు హాయిగా నిద్రపోయాడు.

ఆ నిద్ర చెడగొట్టింది పోయిన నెల బడిలో పెట్టిన చెవుల క్యాంపు. చిన్నపిల్లలా ఉన్న డాక్టరమ్మ ఇలాంటి హెడ్‌ఫోన్లే చెవులకు తగిలించి, కూత వినపడగానే వేలెత్తండి తాతయ్యా అంది. ఆయన వేలెత్తడానికి సిద్ధంగానే కూర్చున్నాడు, కూసేదేదీ రాలేదు, మెషీను చెడిపోయిందేమో చూడమ్మా అని సలహా కూడా ఇచ్చాడు. ఆ పిల్ల నవ్వలేదు. సన్న శబ్దాలు ముందు పోతాయి తాతయ్యా, పిట్టలు, కీచురాళ్ళు, పట్టీలు, లావు శబ్దాలు ఉంటాయి కనక పోయిన సంగతి మనకు తెలియదు, మీకిది ఇప్పుడు పోయింది కాదు, మిల్లులో ఉండగానే, పాతికేళ్ళ కిందటే మొదలై ఉంటుంది అంది. పాతికేళ్ళు. చుట్టాలు ఊరికి వెళ్తుంటే వెళ్ళొస్తామని చెప్తారు, కీచురాళ్ళు చెప్పకుండా ఎలా వెళ్ళాయి, ఏ పొద్దున, ఏ వాన పడి వెలిశాక? పత్తిచేల గట్ల మీద ముసురు పట్టిన సాయంత్రాల్లో చెవులు చిల్లులుపడేలా కూసేవి, ఆ చేలు ఉన్నాయి, ఆ గట్లు ఉన్నాయి, వానలు కొంచెం అటూ ఇటూగా ఉన్నాయి. పిచ్చుకలు కనపడటం లేదని ఊళ్ళో అందరూ సెల్ టవర్లను తిడుతుంటే తనూ కలిసి తిట్టాడు. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తోంది, చూరు మీద వాలినవాటిని కూడా లేవనుకున్నాడేమో. మూడు విజిళ్ళొచ్చినా పొయ్యి పక్కనే కూర్చుని దించవేమయ్యా, ఏ లోకంలో ఉన్నావని హనుమాయమ్మ ఎన్నిసార్లు అరిచింది! ఏదో ఆలోచనలో ఉన్నానని తనను తనే సమర్థించుకున్నాడు. ఏ ఆలోచన, ఎక్కడి ఆలోచన. లెక్కవేసి చూస్తే, అప్పటికి ఆ కుక్కరు కొత్తది, దాని పిడి ఇంకా ఊడలేదు, పిడి ఊడింది ఎప్పుడు?

సలీం మోకాలి మీద తట్టాడు. గౌస్ నడుస్తున్నాడు షెడ్డులో. నేల కింద సొరంగంలో పొడుగాటి షాఫ్టు తిరుగుతున్న హోరు అడుగున పరుచుకుని ఉంది, దాని మీద రోలర్లు దభీదభీమంటున్నాయి. యలమందయ్య వేళ్ళు చూపిస్తూ చెప్పుకుపోయాడు, ఇది ఒకటో నంబరు, కాస్త ముక్కుతుంది, ఇదిగో రెండోది, దీని రోలరుకు తోలు కొత్తది వేశాం, మూడోది ఎప్పుడూ తొందరపడేది. సలీం చకచకా రాసుకుంటున్నాడు. దూది గాలిలో తేలుతోంది. మిల్లులో ఉన్నవాళ్ళందరికీ ముప్పయ్యేళ్ళకే తల నెరిసేది, సాయంత్రం బావి దగ్గర తల విదిలిస్తే మళ్ళీ వయసొచ్చేది, గౌస్ కనురెప్పల మీద కూడా దూదే, రెప్పలాడిస్తే రాలేది, చెయ్యెత్తి ముఖం తుడుచుకునేవాడు, రెండు చేతులతో. నాలుగోది వచ్చింది. యలమందయ్య హెడ్‌ఫోన్లను చెవుల్లోకి దిగిపోయేలా నొక్కుకున్నాడు. హోరు. రోలర్లు. వెన్నపూస. ఇంకేమీ లేదు. లేదు, లేదు, చూశావా, లేదు! ఒక్క క్షణం ఒళ్ళంతా తేలికైపోయింది, లేచి కల్లం చుట్టూ పరిగెత్తొచ్చు అనిపించింది. మరుక్షణం డాక్టరమ్మ నవ్వని ముఖం గుర్తొచ్చింది. తనకు వినపడనంత మాత్రాన ఏమీ లేనట్టు కాదని ఈ వయసులో తెలుసుకోవాల్సి వచ్చింది.

మొదటి వైపు అయిపోయింది. సలీం క్యాసెట్టు తిరగేస్తుంటే, హెడ్‌ఫోన్ల సందుల్లోంచి కల్లం మళ్ళీ లోపలికొచ్చింది. "ఏం బాబాయ్, డ్యూయెట్లా?" అని కోటేశ్వరి అరిచింది. "ఆ ఊపు చూస్తంటే పిన్నికి చెప్పాల్సిందే." ముఠా అంతా నవ్వింది. హనుమాయమ్మ మజ్జిగ చెంబు తెచ్చి ముందు పెట్టి, వీళ్ళిద్దరి వాలకం చూసి తల కొట్టుకుంటూ వెళ్ళింది. మజ్జిగలో ఉప్పెక్కువైంది. మిరప ఘాటుకు ముక్కు చీదుకుంటూ, ఇక రెండో వైపు వద్దులేరా అబ్బాయ్, నాకు పనుంది అందామనుకున్నాడు యలమందయ్య. అనేలోపే మిల్లు వచ్చేసింది.

రెండో వైపు గౌస్ నడవడం లేదు. టేపురికార్డరు ఎక్కడో బల్ల మీద పెట్టేసినట్టున్నాడు, మోత కదలకుండా ఒక్కచోటే నిలబడి ఉంది. ఆ చోటేదో యలమందయ్యకు చెప్పనక్కర్లేదు, నాలుగో నంబరు పక్కన పానాలు పెట్టుకునే బల్ల. అరగంట సేపూ నాలుగో నంబరే. మధ్యలో ఒకసారి గౌస్ దగ్గాడు, ఆ దగ్గు వినపడింది, లావు దగ్గు, చచ్చిపోయిన మనిషి దగ్గు ఇంత దగ్గరగా వినపడేసరికి యలమందయ్య కళ్ళు తెరిచి పక్కకు చూశాడు. ఆ దగ్గుతోనే గౌస్ మిల్లు ఎదురుగా టీకొట్టు పెట్టాడు. ఒంటి చేత్తో గ్లాసు బల్ల మీద పెట్టి, ఎత్తునుంచి టీ పోస్తే చుక్క బయట పడేది కాదు. మొదటి గ్లాసు యలమందయ్యదే, మిల్లు మూతపడ్డాక కూడా, ఇద్దరూ ముసలాళ్ళయ్యాక కూడా. ఏం మాట్లాడుకునేవాళ్ళు ఇన్నేళ్ళూ? వానలు, పత్తి రేటు, పిల్లల చదువులు. ఆ మంగళవారం ఊసు ఒక్కసారైనా రాలేదు. నువ్వు పాముచెవులోడివిరా అని గౌస్ ఒకప్పుడు పదిమందిలో చెప్పుకునేవాడు, చెయ్యి పోయాక ఆ మాట ఎందుకో మానేశాడు. టీలో ఆవిరి, ఆవిరి వెనక గౌస్ కళ్ళు, ఆ కళ్ళు యలమందయ్య చెవుల వైపు చూసేవా, ముఖం వైపు చూసేవా. ఎండకు రెప్పలు బరువెక్కుతున్నాయి, కల్లం ఎరుపు రెప్పల్లోంచి లోపలికి దిగుతోంది, ఎరుపు మీద తెల్లగా దూది పడుతోంది. దూదిలో చిన్న పాదాలు పరిగెడుతున్నాయి. శ్రీరమ్యవి. కూతురికి ఐదో ఏడు, చీరాలలో వెండి పట్టీలు కొన్నారు, మువ్వలున్నవే కావాలని మారాం చేసి కొనిపించుకుంది, నట్టింట్లో గిరగిరా తిరిగింది. నాన్నా వినపడుతున్నాయా, వినపడుతున్నాయా! వినపడుతున్నాయే తల్లీ అన్నాడు. ఏం వినపడింది? ఎంత వెతికినా ఆ జ్ఞాపకంలో చప్పుడు లేదు. పాదాలున్నాయి, వెండి మెరుపు ఉంది, గచ్చు మీద అరికాళ్ళ దబదబ ఉంది, పైకి చూస్తున్న పిల్ల ముఖం ఉంది. మువ్వలు లేవు. అదే కూతురి పెళ్ళి సన్నాయి ఉంది, పురిట్లో మనవడి ఏడుపు ఉంది, మువ్వలు మాత్రం ఎక్కడా లేవు. ఆ పట్టీలు కొన్నది గౌస్ చెయ్యి పోవడానికి ముందేడు.

టక్కుమని మీట లేచింది. మిల్లు ఆగింది. అరవై నిమిషాలూ అయిపోయాయి. యలమందయ్య హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. చెవుల చుట్టూ చెమట పట్టింది. రెండో వైపంతా నాలుగో నంబరేరా అని ఒక్కమాట చెప్తే సలీం రాసుకుని నాలుగు గంటల బస్సుకు చీరాల వెళ్ళిపోతాడు. యాభై క్యాసెట్లు యాభై ఊళ్ళకు పోతాయి, అక్కడివాళ్ళకు బేరింగూ తెలియదు, మంగళవారమూ తెలియదు. అడక్కపోతే తనకూ తెలియదు. డెబ్బై దగ్గర పడుతోంది, ఇంకెన్నాళ్ళు, తెలియకుండా పోయినవాళ్ళు లోకంలో కోట్లమంది ఉన్నారు. అలా అనుకుంటూనే నోరు తెరిచాడు.

"సలీం, నాలుగో దాని దగ్గర సన్నంగా ఏవన్నా కూస్తందట్రా? కీచురాయి మాదిరి?"

సలీం ముఖం విప్పారింది. "అసలు సంగతి అదే కదా బాబాయ్! రెండో వైపంతా అదేగా. అరగంట తెగకుండా కూస్తానే ఉంటది, పోనుపోను ఇంకా సన్నమైపోద్ది. దానికోసమేగా ఈ క్యాసెట్టు వేసేది. జపానాయనకి ఒక్క ముక్క పంపిస్తే, ఏ మెషీన్‌తో పుట్టించావ్ ఇది అని మూడు మెయిళ్ళు పెట్టాడు. ఏం, మీకు నచ్చలా?"

యలమందయ్య ఒళ్ళోని హెడ్‌ఫోన్ల తీగ వేలికి చుట్టుకున్నాడు. "మీ నాన్న దీన్ని మళ్ళీ విన్నాడా? చెయ్యి పోయినాక?"

"రోజూ వినేవాడంటగా. నాకు ఆరేళ్ళొచ్చిందాకా ఇదే జోలపాట. ఎడం చేత్తో మీట నొక్కి పక్కన కూర్చునేవాడంట. ఆ కీచురాయి మొదలెట్టగానే, 'వచ్చిందిరా, ఇంక పడుకో' అనేవాడంట. అమ్మ ఇప్పటికీ నవ్వుద్ది చెప్పి."

కల్లం మీద ఎండ అలాగే ఉంది. కాయ ఏరుతున్న చేతులు అలాగే ఆడుతున్నాయి. గౌస్‌కు తెలుసు. ఒక్కరోజు కాదు, నాలుగేళ్ళపాటు రోజూ ఆ కూత విన్నాడు, విని కొడుకును నిద్రపుచ్చాడు, తెల్లారి లేచి కొట్టు తెరిచి మొదటి గ్లాసు తనకే పోశాడు. ఫిట్టరు చెవుడు బయటపడితే మిల్లులో ఒక్కరోజు ఉంచరు, హనుమాయమ్మ, శ్రీరమ్య రోడ్డున పడతారు, రెండు కొంపలు మునిగే కంటే ఒక కొంప చాలనుకున్నాడా? లేక చెప్పినా చెవిటివాడికి ఏం ఎక్కుతుందిలే అనుకున్నాడా? అడగడానికి మనిషి లేడు. యలమందయ్యకు ఏడుపు ఆగలేదు, చిన్నపిల్లాడిలా భుజాలు ఎగరేస్తూ ఏడ్చాడు. "ఘాటు ఎక్కినట్టుంది బాబాయ్‌కి, నీళ్ళియ్యండే," అని కోటేశ్వరి అరిచింది. సలీం కంగారుగా లేచి, చెంబు అందుకుని, ఏమైంది బాబాయ్, ఏమైందని భుజం పట్టుకున్నాడు.

"కూర్చో. రాసుకో," అన్నాడు యలమందయ్య, పైపంచెతో ముఖం తుడుచుకుని. "రెండో వైపు మొత్తం నాలుగో నంబరు బేరింగు. లోపల గుండు పోయింది, ఆ కూత దానిదే. మీ నాన్న ఆ పొద్దున గ్రీజు పెట్టాడు. పెట్టి, కూస్తందిరా, చెవి పెట్టి చూడమని నాకు చెప్పాడు. నేను పెట్టాను. నాకు వినపడలా. వినపడక, బాగుందన్నా. ఆఫీసరుతో కూడా అదే అన్నా. మధ్యాహ్నానికి మీ నాన్న చెయ్యి పోయింది."

సలీం కలం సగం మాట మీద ఆగిపోయింది. "మరి నాన్న ఎప్పుడూ... నేనే మరిచిపోయా అనేగా అన్నాడు?"

"మొదట్లో నా మాట నమ్మి అన్నాడు. ఈ క్యాసెట్టు విన్నాక నమ్మి ఉండడు. అయినా ఆ మాట మార్చలేదు." యలమందయ్య వేలు నోటుబుక్కు మీద ఆనించాడు. "మెషీన్ల పేర్లు తర్వాత వేసుకుందువుగాని. అట్ట మీద మొట్టమొదట ఇది వెయ్యి. గౌస్ బాషా గ్రీజు పెట్టాడు అని వెయ్యి. జపాను వాళ్ళకు అర్థం కాకపోయినా ఫరవాలేదు, పెద్దచ్చరాల్లో వెయ్యి."